రగ్బీ సెవెన్స్‌లో డ్రాప్ కిక్ కన్వర్షన్లన్నీ తప్పుతున్నాయి, ఏం చేయాలి?

పది_నంబరు
మా యూనివర్సిటీ రగ్బీ సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడేది) టీమ్‌కి కిక్కర్‌ని నేనే. ఎవరూ ముందుకు రాకపోతే కోచ్ సార్ బాల్ నా చేతిలో పెట్టారు. మొన్న ఆదివారం మ్యాచ్ 17-15తో పోయింది. ట్రైలు (బాల్‌ని అవతలి గోల్ లైన్ దాటించి నేలకి ఆనించడం, 5 పాయింట్లు) రెండు వైపులా మూడేసి. వాళ్లు ఒక్క కన్వర్షన్ (ట్రై తర్వాత పోస్టుల మధ్య, బార్ మీదుగా కొట్టే కిక్, 2 పాయింట్లు) కొట్టారు, నేను ఒక్కటీ కొట్టలేదు. అందులో ఒకటి దాదాపు పోస్టుల ఎదురుగానే.

చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ ఆడాను, కాలిలో బలం లేక కాదు. పంట్ కొడితే నలభై మీటర్లు హాయిగా పోతుంది. బాల్‌ని నేలకి వదిలి లేస్తుండగా కొట్టే డ్రాప్ కిక్ దగ్గరికొచ్చేసరికి ఒకటి నేల మీద పాకుతుంది, ఇంకోటి కుడి పక్కకి జారిపోతుంది, బాగా తగిలిందనుకున్నది బార్ కింద నుంచి వెళ్తుంది. ప్రాక్టీస్‌లో పర్లేదు, మ్యాచ్‌లో చేతులు చల్లబడిపోతున్నాయి. యూట్యూబ్‌లో వెతికితే అందరూ బాల్‌ని టీ (నేల మీద నిలబెట్టే చిన్న ఆసరా) మీద పెట్టి కొట్టేదే చూపిస్తున్నారు. సెవెన్స్‌లో టీ ఎక్కడిది? వచ్చే నెల ఇంకో టోర్నమెంట్ ఉంది. మా దగ్గరున్న బాల్ కూడా అంత గొప్పది కాదు, అదీ ఒక కారణమేమో.

మద్దెల_ఓడు
ఆ చివరి వాక్యం చదివాక నా పేరు నేనే తలుచుకున్నాను.

ఓరుగల్లు_హుకర్
హుకర్‌గా (ముందు వరస మధ్యలో తోసేవాడిగా) నా తీర్పు: కన్వర్షన్ తప్పితే కిక్కర్‌ని తిట్టకూడదు, మూలన ట్రై పెట్టొచ్చినోడిని తిట్టాలి. ఎదురుగా ఎవడూ లేకపోయినా మా వింగర్ జెండా పక్కనే డైవ్ కొడతాడు, ఫొటో బాగా వస్తుందని. అక్కడి నుంచి ఎవడు కొడతాడు?

పది_నంబరు
@ఓరుగల్లు_హుకర్ మా వాడూ అంతే అన్నా. కానీ ఎదురుగా ఉన్నదీ తప్పిందిగా, దానికి ఎవరిని తిట్టాలి?

కార్డిఫ్_బాబాయ్
బాల్ సంగతి తర్వాత. నువ్వు చెప్పిన తప్పులు చూస్తే నాకు కాలి దోషం కనిపించట్లేదు, చేతుల దోషం కనిపిస్తోంది. ఫుట్‌బాల్ నుంచి వచ్చిన వాళ్లందరిదీ ఇదే గొడవ. గుండ్రటి బాల్ ఎలా వదిలినా ఒకేలా లేస్తుంది. ఇది కొస మీద పడకపోతే ఎటు లేస్తుందో దాని ఇష్టం. ఎటు లేస్తుందో తెలియని బాల్‌ని ఎంత గొప్ప కాలైనా ఏం చేస్తుంది?

కొన్నాళ్లు కిక్ మానెయ్. బాల్‌ని నిలువుగా పట్టుకో, అరచేతులు రెండు పక్కలా, వేళ్లు నేల వైపు. నడుము కన్నా కాస్త కింద నుంచి వదులు. వదలడమే, విసరడం కాదు. కింది కొస మీద సరిగ్గా పడితే నిటారుగా లేస్తుంది, నిలబడ్డ చోటే పట్టుకోవచ్చు. పక్కకి పరిగెత్తి పట్టుకోవాల్సి వస్తే ఒక చెయ్యి ముందు వదిలింది, రెండోది ఆలస్యం చేసిందని అర్థం. వరసగా పది సార్లు నిలబడ్డ చోటే పట్టుకోగలిగేదాకా బూటు బాల్‌కి తగలనివ్వకు.

తర్వాత అడుగులు లేకుండా నిలబడి కొట్టు, పదిహేను మీటర్ల నుంచి. ఆ తర్వాత ఒక అడుగు, ఆ తర్వాత మూడు. మనవాళ్లు మొదటి రోజే పరిగెత్తుకొచ్చి కొడతారు. పరుగులో చేతులు ఊగుతాయి, బాల్ వంకరగా పడుతుంది.

నీ మూడు తప్పుల లెక్క ఇది. నేల మీద పాకిందంటే బాల్ నీ నిలబడే కాలికి మరీ దగ్గరగా పడి, బూటు బాల్ పై సగాన్ని కొట్టింది. కుడికి పోయిందంటే బాల్ దూరంగా పడితే దాన్ని అందుకోవడానికి కాలు బయటికి చాచావు, లేదా నిలబడే పాదమే కుడికి తిరిగి ఉంది. బార్ కింద నుంచి పోయిందంటే ఛాతీ బాల్ మీదికి వంగిపోయింది.

గచ్చిబౌలి_గాలి
సారీ, మధ్యలో దూరుతున్నా. రగ్బీ అంటే ఆ హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేదేనా?

ఓరుగల్లు_హుకర్
@గచ్చిబౌలి_గాలి అది అమెరికన్ ఫుట్‌బాల్ గురూ. మాది హెల్మెట్ లేకుండా గుద్దుకునేది.

వెల్లింగ్టన్_అమ్మ
కార్డిఫ్ బాబాయ్ గారు చెప్పిన చాలా వాటితో ఏకీభవిస్తాను, ఒక్కదాంతో తప్ప. బాల్‌ని పూర్తి నిలువుగా పట్టుకోమనడం గోల్ కిక్‌కి నప్పదు. మా అబ్బాయి స్కూల్ కోచ్ పై కొసని కొంచెం తమ వైపు వాల్చి పట్టుకోమంటారు. అలా పడిన బాల్ వెనక్కి దొర్లుతూ గాల్లోకి లేస్తుంది, గీత తప్పకుండా పోతుంది. నిటారుగా వదిలేది రీస్టార్ట్‌కి (పాయింట్లు పడ్డాక మధ్య నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్). అక్కడ కావాల్సింది ఎత్తు కదా.

ఇంకోటి, వదిలే ఎత్తు. నడుము దగ్గర నుంచి అంటే ఈ ఊరి గాలికి కుదరని పని. వెల్లింగ్టన్‌లో చేతికీ నేలకీ మధ్యే బాల్ పక్కకి జరిగిపోతుంది. ఇక్కడి పిల్లలు బాగా వంగి మోకాలి దగ్గర నుంచి వదులుతారు. చూడ్డానికి వింతగా ఉంటుంది, ఫలితం బాగుంటుంది.

కార్డిఫ్_బాబాయ్
@వెల్లింగ్టన్_అమ్మ వాల్చే విషయంలో మీరన్నది నిజమే, కానీ నేను నిలువు అన్నది మొదటి వారం కోసం. ముందు నిటారుగా పడేయడం వస్తే తర్వాత వాల్చడం ఎంతసేపు? మోకాలి దగ్గర నుంచి వదిలితే మాత్రం ఒళ్లంతా ముందుకు వంగుతుంది, మళ్లీ బార్ కిందికే పోతుంది. గాలి లేని చోట నడుమే నయం.

వెల్లింగ్టన్_అమ్మ
నడుము వంచమని ఎవరన్నారండీ? మోకాళ్లు వంచాలి. నడుము వంచితే మీరన్నట్టే అవుతుంది.

మద్దెల_ఓడు
అత్తాకోడళ్లలా మీరిద్దరూ ఇలాగే కానివ్వండి, మాకు ఉచితంగా కోచింగ్ అందుతోంది.

ఈల_మాస్టారు
రిఫరీగా కొన్ని చెప్పాలి. డ్రాప్ కిక్ అంటే చేతిలోంచి వదిలిన బాల్ నేలకి తగిలి, మొదటి బౌన్స్ నుంచి లేస్తుండగా కొట్టేది. నేలకి తగలకముందే కొడితే అది పంట్, గోల్ చెల్లదు. యూనివర్సిటీ మ్యాచ్‌ల్లో ఇలాంటివి చూస్తూనే ఉన్నాను. కొట్టినవాడు చేతులెత్తి సంబరం చేసుకుంటుంటాడు, నేను తల అడ్డంగా ఊపుతుంటాను.

సెవెన్స్‌లో ట్రై అయ్యాక కన్వర్షన్‌కి 30 సెకన్లే. మీరు చేతులు చల్లబడుతున్నాయి అన్నది ఇందుకే కావచ్చు. ట్రై కోసం డెబ్బై మీటర్లు పరిగెత్తినవాడే కిక్కర్ అయితే ఆ 30 సెకన్లలో ఊపిరి కూడా అందదు. ఇద్దరు కిక్కర్లని తయారుచేసుకోండి, పరిగెత్తనివాడు కొడతాడు.

మీకున్న సుఖం ఏమిటంటే అవతలి జట్టు మీ మీదికి ఉరికి రాదు. సెవెన్స్‌లో వాళ్లు తమ 10 మీటర్ల గీత (మధ్య గీతకి 10 మీటర్ల దూరంలోది) దగ్గరికి పోయి నిలబడాల్సిందే.

గచ్చిబౌలి_గాలి
@ఈల_మాస్టారు ఉరికి రావడమా? కన్వర్షన్ అంటే క్రికెట్‌లో ఫ్రీ హిట్ లాంటిదనుకున్నా.

ఈల_మాస్టారు
పదిహేను మంది ఆడేదాంట్లో గోల్ లైన్ వెనక ఉన్నవాళ్లు, కిక్కర్ అడుగు కదిపిన మరుక్షణం ఉరకవచ్చు. 2023 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బే అలాగే ఉరికి ఫ్రాన్స్ కిక్కర్ థామస్ రామోస్ కన్వర్షన్‌ని అడ్డుకున్నాడు. ఆ మ్యాచ్ దక్షిణాఫ్రికా 29-28తో గెలిచింది. ఆ రెండు పాయింట్లూ వచ్చి ఉంటే లెక్కేమిటో మీరే వేసుకోండి.

ఓరుగల్లు_హుకర్
కోల్బే అంత వేగం ఉంటే నేను హుకర్‌గా ఎందుకుంటాను.

సగం_బ్యాక్
అందరూ కన్వర్షన్, కన్వర్షన్ అంటున్నారు. ఓడిపోయింది రెండు పాయింట్లతో కాబట్టి అలా కనిపిస్తోంది. @పది_నంబరు, ఆ మ్యాచ్‌లో నీ రీస్టార్ట్‌లు ఎలా పోయాయి? సెవెన్స్‌లో ట్రై కొట్టిన జట్టే మళ్లీ కిక్ చేయాలి. అంటే ట్రై కొట్టిన ప్రతిసారీ బాల్ అవతలి వాళ్లకి నీ కాలితోనే ఇస్తున్నావు. ఆ కిక్ ఎత్తుగా లేచి 10 మీటర్ల గీత దాటగానే పడితే మనవాడు ఎగిరి లాక్కుంటాడు, ఇంకో ట్రై. అది లోతుగా పోయిందా, అవతలోడు ఖాళీ మైదానంలో పరిగెత్తుకుంటూ వచ్చేస్తాడు. కన్వర్షన్ విలువ 2, రీస్టార్ట్ విలువ 5, ఒక్కోసారి 7. నేనైతే ప్రాక్టీస్‌లో మూడొంతులు రీస్టార్ట్‌కే ఇస్తాను.

పది_నంబరు
@సగం_బ్యాక్ ఒకటి 10 మీటర్లు చేరలేదు, ఫ్రీ కిక్ ఇచ్చారు. ఇంకోటి నేరుగా పక్క గీత దాటింది, అదీ ఫ్రీ కిక్కే. వాటిలో ఒకదాని నుంచి వాళ్లకి ట్రై వచ్చింది. ఇప్పుడు మీరు అడిగాక ఇంకా టెన్షన్‌గా ఉంది.

కోణమానిని
@సగం_బ్యాక్ గారి ఎత్తు మాటకి చిన్న లెక్క. బాల్ 3 సెకన్లు గాల్లో ఉండాలంటే దాదాపు 11 మీటర్ల ఎత్తు లేవాలి. 2 సెకన్లకి 5 మీటర్లు కూడా అక్కర్లేదు. నిలబడ్డ చోటు నుంచి బయల్దేరి మంచి కుర్రాడు 12 మీటర్లు పోవడానికి రెండు సెకన్ల పైనే పడుతుంది. కాబట్టి 2 సెకన్ల కిక్‌కి మనవాడు అందుకోలేడు, 3 సెకన్ల కిక్‌కి అందుకుని ఎగరడానికీ టైమ్ ఉంటుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కొలవండి, దూరం కాదు, సెకన్లు.

ఇక కన్వర్షన్ కోణం. పోస్టుల మధ్య 5.6 మీటర్లు, బార్ ఎత్తు 3 మీటర్లు. ట్రై పడిన చోటికి సూటిగా గీత మీద ఎంత వెనక్కైనా పోయి కొట్టవచ్చు. మధ్య నుంచి 15 మీటర్ల పక్కన ట్రై పడిందనుకోండి. 8 మీటర్లు వెనక నుంచి చూస్తే పోస్టుల సందు 9 డిగ్రీలు. 15 మీటర్ల వెనక నుంచి దాదాపు 10.8, అదే గరిష్ఠం. 25 మీటర్లకి పోతే 9.4. అంటే పక్కకి ఎంత దూరమో వెనక్కి సుమారు అంతే పోతే సందు బాగా కనిపిస్తుంది. అంతకన్నా వెనక్కి పోతే దూరం పెరగడం తప్ప లాభం లేదు. మ్యాచ్‌ల్లో కుర్రాళ్లు భయపడి మరీ వెనక్కి పోతుంటారు.

మద్దెల_ఓడు
@కోణమానిని 30 సెకన్లలో టాన్ థీటా వేసుకుని కొట్టాలా సార్?

కోణమానిని
అక్కర్లేదు, అడుగులు లెక్కపెట్టుకుంటే చాలు. పక్కకి పదిహేను అంటే వెనక్కి పదిహేను.

సగం_బ్యాక్
లెక్క బాగుంది కానీ ఒక్కటి వదిలేశారు. దగ్గర నుంచి కొడితే బార్ దాటించడానికి నిటారుగా లేపాలి, డ్రాప్ కిక్‌లో అది అందరికీ రాదు. ఎదురుగా ట్రై పడితే మీ లెక్క ప్రకారం గోల్ లైన్ మీదే నిలబడి కొట్టాలి. ఎదురు కిక్కులకి పన్నెండు, పదిహేను మీటర్లు వెనక్కి రావడమే మంచిది. పది_నంబరు బార్ కింద నుంచి కొట్టింది మరీ దగ్గర నుంచేమో.

పది_నంబరు
అవును, పోస్టులకి ఏడెనిమిది మీటర్లలోనే నిలబడ్డాను. దగ్గరైతే తేలిక అనుకున్నా.

ఫిజియో_అక్క
ఇక్కడ అందరూ కొట్టమనే చెబుతున్నారు, ఎన్ని కొట్టాలో ఎవరూ చెప్పలేదు. టోర్నమెంట్ నెలలో ఉందని రోజుకి వంద కొట్టకు తమ్ముడూ. ముందు పోయేది గజ్జల్లో కండరం, ఆ తర్వాత తొడ ముందు భాగం. నా దగ్గరికి వచ్చే ఫుట్‌బాల్ పిల్లల్లో గజ్జ నొప్పి వాళ్లే ఎక్కువ, వాళ్లంతా "చిన్న నొప్పే కదా" అని ఇంకా కొట్టినవాళ్లే.

వారానికి మూడు, నాలుగు సార్లు, ఒక్కోసారి ముప్పై నలభైకి మించకుండా గట్టి కిక్కులు చాలు. బాబాయ్ చెప్పిన వదిలే ప్రాక్టీస్‌కి కాలితో పనిలేదు, అది ఎన్నిసార్లైనా చేసుకో. దగ్గర కిక్కులతో మొదలుపెట్టి దూరం పెంచు. కోపెన్‌హేగన్ ప్లాంక్ నేర్చుకో: పక్కకి పడుకుని పై కాలిని బెంచీ మీద పెట్టి ఒళ్లు లేపడం. మొదట మోకాలు బెంచీ మీద పెట్టి చెయ్యి, తర్వాత పాదం. గజ్జలకి దానికన్నా మంచి మందు నేను చూడలేదు. దగ్గినా, పక్క తిరిగినా గజ్జల్లో పట్టేసినట్టు ఉంటే కిక్ ఆపి చూపించుకో.

ఓరుగల్లు_హుకర్
అక్కా, స్క్రమ్ తోపులాటలో వచ్చే మెడ నొప్పికి కూడా ఏమైనా...

ఫిజియో_అక్క
వేరే టాపిక్ పెట్టు.

కార్డిఫ్_బాబాయ్
చేతులు చల్లబడటం గురించి. దీనికి ప్రపంచంలో అందరూ చూపించే మనిషి ఇంగ్లండ్ కిక్కర్ జానీ విల్కిన్సన్. 2003 ప్రపంచకప్ ఫైనల్, సిడ్నీ, ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో ఆయన డ్రాప్ గోల్‌తో (ఆట నడుస్తుండగానే డ్రాప్ కిక్‌తో కొట్టేది) ఇంగ్లండ్ 20-17తో ఆస్ట్రేలియా మీద గెలిచింది. ఆయనది ఎడమ కాలివాటం, ఆ గోల్ కొట్టింది కుడి కాలితో. అదే మ్యాచ్‌లో అంతకుముందు కొట్టిన డ్రాప్‌లు తప్పాయి కూడా. ఆయన కోచ్ డేవ్ ఆల్రెడ్ నేర్పిన చిట్కా ఒకటుంది. పోస్టుల వెనక స్టాండ్‌లో డోరిస్ అనే ఒకావిడ కూర్చుని ఉన్నట్టు ఊహించుకుని, పోస్టుల మధ్య ఖాళీని కాకుండా ఆవిడనే గురిపెట్టడం. ఖాళీని చూస్తే మెదడు పోస్టుల గురించే ఆలోచిస్తుంది. ఒక చిన్న చుక్కని చూస్తే కాలు దాని వెంట పోతుంది.

మద్దెల_ఓడు
మన గ్రౌండ్‌లో పోస్టుల వెనక మిర్చి బజ్జీల బండి ఉంటుంది. గురి తప్పే ప్రసక్తే లేదు.

వెల్లింగ్టన్_అమ్మ
రెండో కాలి గురించి బాబాయ్ గారు చెప్పారు కాబట్టి మా వైపు మాటా ఒకటి. న్యూజిలాండ్ కిక్కర్ డాన్ కార్టర్ కూడా ఎడమ కాలివాటమే. 2015 ప్రపంచకప్ ఫైనల్‌లో చివరి కన్వర్షన్ కుడి కాలితో కొట్టాడు. అప్పటికి మ్యాచ్ గెలిచేసినట్టే కాబట్టి సరదాకి కొట్టాడు. సరదాకైనా అలా కొట్టాలంటే వెనక ఎంత సాధన ఉండాలి?

సగం_బ్యాక్
పెద్దవాళ్ల కథలు బాగానే ఉంటాయి, కుర్రాడికి ఇంకా మొదటి కాలే కుదరట్లేదు. రెండో కాలు వచ్చే ఏడాది చూసుకుందువు గానీ తమ్ముడూ. పోతే, నేను రీస్టార్ట్ అన్నానని కన్వర్షన్ వదిలేయమని కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్ సెవెన్స్ ఫైనల్ 28-7. ఫ్రాన్స్ నాలుగు ట్రైలు, నాలుగు కన్వర్షన్లు. ఫిజీది ఒకటి, దానికీ కన్వర్షన్ పడింది. ఆ స్థాయిలో ఎవరూ రెండు పాయింట్లు ఊరికే వదలరు.

కార్డిఫ్_బాబాయ్
అదీ అసలు మాట. మూడొంతులు రీస్టార్ట్‌కే అన్నవాడివి ఇప్పుడు దారిలోకి వచ్చావు.

సగం_బ్యాక్
రాలేదు. సగం సగం దాకా వచ్చాను, అక్కడే ఉంటాను.

పది_నంబరు
వారం నుంచి వదిలే ప్రాక్టీసే చేస్తున్నా, హాస్టల్ కారిడార్‌లో. వార్డెన్ రెండు సార్లు అరిచాడు. ఎడమ చెయ్యి ముందు వదులుతోందని ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి చూస్తే కనిపించింది. ఇప్పుడు బాల్ నిటారుగానే పడుతోంది, నిలబడి కొడితే పదిహేను మీటర్ల నుంచి ఎక్కువ భాగం దాటుతున్నాయి. మూడడుగులు వేస్తే మళ్లీ కుడికి పోతోంది. రీస్టార్ట్ ఇంకా రెండున్నర సెకన్ల దగ్గరే ఉంది.

కార్డిఫ్_బాబాయ్
మూడు అడుగులు నీకు అవసరమా? సెవెన్స్ కన్వర్షన్‌కి రెండు చాలు. రెండో అడుగు పడేటప్పుడు నిలబడే పాదం బొటనవేలు ఎటు చూస్తోందో చూడు. పోస్టుల వైపు చూడాలి. కొట్టాక ఆ పక్కకే పడిపోతున్నావా, ముందుకు నడుస్తున్నావా అన్నదీ గమనించు.

వెల్లింగ్టన్_అమ్మ
రీస్టార్ట్‌కి బాల్‌ని ఇంకొంచెం ముందు పడేసి, బాల్ నేలని తాకిన క్షణంలోనే కింద నుంచి కొట్టు. ఒళ్లు వెనక్కి వాలనివ్వు. గోల్ కిక్ లాగా ఛాతీ ముందుకు పెడితే సెకన్లు పెరగవు.

ఈల_మాస్టారు
బాల్ సంగతి మొదట్లో అడిగి వదిలేశారు. రూల్ ప్రకారం గాలి 9.5 నుంచి 10 పీఎస్ఐ ఉండాలి. యూనివర్సిటీల్లో బాల్స్ సగం మెత్తగానే ఉంటాయి. మెత్తటి బాల్ కొస మీద పడితే లేవదు, అక్కడే చతికిలపడుతుంది. సైకిల్ షాపు పంపు, ఒక సూది, ఒక గేజ్ మీ బ్యాగ్‌లో పెట్టుకోండి.

మద్దెల_ఓడు
అంటే మద్దెల కూడా కొంచెం ఓడేనన్నమాట. కుర్రాడికి క్షమాపణలు.

గచ్చిబౌలి_గాలి
ఇదంతా చదివి ఒక బాల్ ఆర్డర్ పెట్టేశాను. మొన్నటి 2025 రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని టీమ్ ఉందని కూడా ఇప్పుడే తెలిసింది. కానీ మా చుట్టుపక్కల రగ్బీ పోస్టులు ఎక్కడా లేవు. ఫుట్‌బాల్ గోల్ మీద ప్రాక్టీస్ చేయొచ్చా?

కోణమానిని
చేయొచ్చు. ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. అంటే వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ, రెండూ మిమ్మల్ని మోసం చేసేవే. మధ్యలో 5.6 మీటర్లు కొలిచి రెండు వెదురు బొంగులు కట్టండి, పైన 3 మీటర్ల దగ్గర తాడు లాగండి.

ఓరుగల్లు_హుకర్
నెట్ మాత్రం విప్పకండి. వెదురు కట్టుకున్నా ఊరుకుంటారు గానీ, నెట్ ముట్టుకుంటే ఆ ఫుట్‌బాల్ వాళ్లు తరుముతారు.